రేడియో సాయిబు బిడ్డలం

మా అబ్బాను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. రేడియో సాయిబు అన్నారు. మేం ముగ్గురం, ఆపా, మేమిద్దరం తమ్ముళ్ళం, రేడియో సాయిబు పిల్లలమయ్యాం. నల్గొండ జిల్లాలో బస్టాండు పక్కన రేకుల కొట్టు మాది. గోడకు బుష్, మర్ఫీ, ఫిలిప్స్ డబ్బాలు. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, సీసం తీగ, ఒక మీటరు. ఆ మీటరును అబ్బా మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మిగతావన్నీ ముట్టుకోనిచ్చేవాడు. విప్పనిచ్చేవాడు. పాడుచేయనిచ్చేవాడు కూడా.

"అందర్ క్యా హై, ఖోల్ కే దేఖో బేటా" అనేవాడు. లోపలేముందో తెరిచి చూడమని. మా ఇంట్లో నమాజు తర్వాత ఎక్కువసార్లు వినపడిన మాట అదే.

అబ్బాకు అన్నీ కావాలి. గడియారం ఆగితే ఎందుకాగిందో కావాలి. ఉల్లిగడ్డలు కట్టిచ్చిన కాగితంలో తెలుగు అక్షరాలు కనపడితే వాటిని కూడబలుక్కోవాలి. అలా పొట్లాల కాగితాల మీదే తెలుగు చదవడం నేర్చాడు. పద్యనాటకం ఆడుతున్నారంటే పక్క ఊరికి నడిచిపోయేవాడు. పీర్ల పండగకు అలావా దగ్గర డప్పు కొట్టే మాదిగ తాతను పట్టుకుని, తోలును మంటకు ఎంతసేపు కాస్తే ఎంత గొంతొస్తుందో అడిగేవాడు. రాత్రి బి.బి.సి. ఉర్దూ, పొద్దున హైదరాబాదు కేంద్రం, మధ్యాహ్నం వివిధ్ భారతి. చదివింది అయిదో తరగతి.

ఇది మా అబ్బాను పొగుడుకోవడానికి రాస్తున్నది కాదు. ఇలాంటి మనుషులు మా గల్లీలో ఇంకా ఉన్నారు. గడియారాల మామూ ఉన్నాడు. మోటార్లు చుట్టే చాచా ఉన్నాడు. దూది ఏకే వింటినారి బిగువును చెవితో పోల్చుకునే నూర్‌బాషా పెద్దాయన ఉన్నాడు. వాళ్ళ చేతుల్లో ఉన్నది చదువని ఎవరూ అనలేదు. పని అన్నారు. సాయిబుల పని అన్నారు.

అబ్బాకు ఊరి బడిలో తెలుగు సారుతో స్నేహం. సారు రేడియో బాగుచేసినందుకు డబ్బులు తీసుకోకుండా పాత వారపత్రికలు తీసుకునేవాడు. సారు మంచివాడు. మాకు ఛందస్సు చెప్పింది ఆయనే. గురువు, లఘువు గుర్తులు చూసి అబ్బా, ఇది టెలిగ్రాఫు కట్టకడ లాగుందే అని నవ్వితే, సారు ఆ మాటను బడిలో పిల్లలందరికీ చెప్పాడు. అంత మంచి సారే ఒకరోజు కొట్లో టీ తాగుతూ అన్నాడు: "మీవాళ్ళకు చదువు మీద ధ్యాసుండదు సాయిబూ. నువ్వు వేరు."

అబ్బా నవ్వాడు. మేమూ నవ్వాం. అది మెచ్చుకోలే అనుకున్నాం. ఇంటికెళ్ళాక ఆపా అడిగింది: "మనం వేరైతే, మరి మామూ? చాచా?"

ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళైనా మా దగ్గర జవాబు లేదు.

*

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. మా జిల్లా మీదుగానే నీడ పోయింది. హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న జాపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీలో ఉస్మానియా శాస్త్రవేత్తలు, పై దేశాల నుంచి వచ్చినవాళ్ళు దుర్బిణీలు పెట్టుకుని కూచున్నారని రేడియోలో చెప్పారు. మా గల్లీలో మాత్రం తలుపులన్నీ మూశారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను చీకటి గదుల్లో పడుకోబెట్టారు. ఆ విషయంలో రాములోరి గుడి వీధికీ మసీదు గల్లీకీ తేడా లేదు. భయం ఇద్దరిదీ ఒకటే.

అబ్బా ఒక చిన్న అద్దాన్ని కాగితంతో మూసి, మధ్యలో చిన్న చిల్లు పెట్టాడు. వాకిట్లో ఇటుకల మధ్య నిలబెట్టి ఎండను చీకటి గదిలో గోడమీదికి కొట్టించాడు. గోడమీద గుండ్రటి సూర్యుడు. కాసేపటికి దాన్నెవరో ఓ పక్క కొరికినట్టయింది. ఆపా బొగ్గుముక్క తీసుకుని గోడమీద ఒక్కో ఆకారం గీసింది. రొట్టె, సగం రొట్టె, నెలవంక.

దాదీ జానమాజ్ పరుచుకుని లోపల దువా చేసుకుంటూ కోప్పడింది, అరిష్టం పిల్లలకు చూపిస్తావేంరా అని. అబ్బా ఆమెకు హదీసు గుర్తుచేశాడు. ప్రవక్త పసికొడుకు ఇబ్రహీం చనిపోయిన రోజున గ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటైపోయాడని జనం అనుకున్నారు. ప్రవక్తే వాళ్ళను ఆపాడు. సూర్యచంద్రులకు ఎవరి చావుతోనూ పుట్టుకతోనూ పనిలేదని, గ్రహణం చూస్తే ప్రార్థించమని చెప్పాడు. కన్నకొడుకు పోయిన రోజు కూడా అబద్ధాన్ని ఒప్పుకోని మనిషి ఆయన అన్నాడు అబ్బా. దాదీ ఏమీ అనలేదు. కొంచెం సేపయ్యాక లేచివచ్చి గోడ చూసింది.

నాలుగు గంటలు ఇంకా కాకముందే చీకటి పడింది. పిట్టలు చెట్లకు చేరాయి. రెండు నిమిషాలు. మాకు సైన్సంటే ఏమిటో, దీన్ అంటే ఏమిటో ఒకేసారి అర్థమైనట్టనిపించిన రెండు నిమిషాలు. ఆ రెండూ కొట్టుకోవాలని మాకప్పటికి ఎవరూ చెప్పలేదు.

ఆపా గీసిన బొగ్గు బొమ్మలు మళ్ళీ సున్నం వేసేదాకా గోడమీదే ఉన్నాయి. ఆపా చదువు ఆ మరుసటేడాది ఆగిపోయింది. ఏడో తరగతితో. హైస్కూలు నాలుగు మైళ్ళు. పిల్ల పెద్దదయింది. ఆపింది ప్రభుత్వం కాదు, ఆరెసెస్సు కాదు. మేమే. దాదీ వద్దంది, జమాతు పెద్దలు వద్దన్నారు, ప్రతి డబ్బా తెరిచి చూడమన్న అబ్బా ఆ ఒక్క తలుపు దగ్గర నోరు తెరవలేదు. మేం తమ్ముళ్ళం సైకిలెక్కి హైస్కూలుకు పోయాం. ముస్లిములకు జరిగిన అన్యాయాల గురించి మేం ఎన్ని చోట్ల రాసినా, మాట్లాడినా, ఈ అన్యాయం లెక్కలో వేయకపోతే ఆ లెక్క తప్పు.

ఆపా కొట్టుకు రాకూడదు. అబ్బా కొట్టును ఇంటికి తెచ్చాడు. రాత్రిపూట చాటలో రెసిస్టర్లు పోసి ఇచ్చేవాడు. వాటిమీద రంగుల పట్టీలుంటాయి. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. ఆపా ఆ వరసను గాజులతో నేర్చుకుంది. అరచేతిలో రెసిస్టరు పెట్టి చూసి, "పసుపు, ఊదా, ఎరుపు. నాలుగువేల ఏడువందల ఓములు" అనేది. అబ్బా పగలబడి నవ్వి, "కాషాయం మూడు, హరా అయిదు. రెండూ లేకపోతే రేడియో పాడదు" అనేవాడు. ఆ మాట అప్పుడు తమాషా.

*

ఇంట్లో మాది దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. మాకు చదువంటే నిజాం కాలాన్ని చూపించేవాళ్ళు రెండు రకాలు. "మీ నిజాం తెలుగును తొక్కాడు" అనేవాళ్ళు ఒక రకం. "మన నిజాం కాలంలో ఏం వైభవం" అనేవాళ్ళు ఇంకో రకం.

వైభవం నిజమే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. దానికి ముందే, 1917లో, అనువాదాల కోసం దారుల్ తర్జుమా పెట్టారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, వైద్యం, ఇంజనీరింగు ఉర్దూలో చెప్పారు. దేశభాషలో పెద్దచదువు సాధ్యమేనని చూపించారు. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి దుర్బిణీ తెప్పించి నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశాడు. ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక రాస్తుంటే అందులో ఒక ముక్క హైదరాబాదు వంతుకు వచ్చింది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్, పాత అరబ్బీ రాతప్రతుల్ని వెతికి అచ్చేసింది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం హైదరాబాదులోనే 1950లలో అచ్చయింది. సంస్కృతం నేర్చుకుని, పండితుల పక్కన కూచుని, ఈ దేశం గురించి దాదాపు వెయ్యేళ్ళ క్రితం పుస్తకం రాసిన మనిషి అతను.

అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడం. వాళ్ళ పిల్లలకు పెద్దచదువు వాళ్ళ భాషలో దొరకలేదు. ఇది తప్పేనని మేం ఒప్పుకుంటాం. ఇంకొక్కటి కూడా ఒప్పుకోవాలి కదా? ఆ ఉర్దూ ఫిజిక్సు మా తాతకు కూడా అందలేదు. ఆయన కళాయి పూసేవాడు. నిజాం చెప్పిందీ ఉర్దూ, మా తాత మాట్లాడిందీ ఉర్దూ. ఆ రెండు ఉర్దూల మధ్య ఉన్న దూరం గోలకొండంత. రాజ్యంలో వాటా లేదు, చదువులో వాటా లేదు. నింద దగ్గరికొచ్చేసరికి మాత్రం వాటా నూటికి నూరుపాళ్ళు మాది!

తెలుగు మాది కాదనేవాళ్ళకు పిఠాపురం ఉమర్ ఆలీషాను చూపిస్తాం. తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసినవాడు, సూఫీ పీఠాధిపతి, 1945లో పోయాడు. మావాళ్ళలో ఎంతమందికి ఆయన తెలుసు? అదీ అడగాల్సిన ప్రశ్నే.

అల్ ఖ్వారిజ్మీ పేరునుంచే అల్గారిథమ్ వచ్చిందని, ఆల్జీబ్రా ఆయన పుస్తకం పేరులోంచే పుట్టిందని జల్సాల్లో చెపుతుంటారు. నిజమే. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదు మాట అది. ఖురాన్‌లో మొదట దిగినది చదవమన్న ఆజ్ఞేనని కూడా చెపుతారు. అదీ నిజమే. 2006లో సచార్ కమిటీ చెప్పింది కూడా నిజమే. 2001 జనగణనలో దేశం అక్షరాస్యత నూటికి 65.1 ఉంటే ముస్లిములది 59.1. బడీడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు పోయేవాళ్ళు నూటికి ముగ్గురేనని కూడా అదే కమిటీ చెప్పింది. అంటే మదరసా వల్ల చెడిపోతున్నారన్న మాటా చెల్లదు, ఖ్వారిజ్మీ వారసులమన్న మాటా అన్నం పెట్టదు. పిల్లలు మామూలు సర్కారు బడికే పోతున్నారు, మామూలు పేదరికం వల్లే మధ్యలో ఆగిపోతున్నారు.

*

1992 డిసెంబరు 6 రాత్రి కొట్టు ముందు జనం. అబ్బా బి.బి.సి. పెట్టాడు. మసీదు కూలిందన్న వార్త ఉర్దూలో వచ్చింది. అందరూ విన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. రెండ్రోజుల తర్వాత బస్టాండులో ఒక మాట తిరిగింది, రేడియో సాయిబు పాకిస్తాన్ స్టేషన్ పెట్టి అందరికీ వినిపించాడని. అది లండనని అందరికీ తెలుసు. తెలిసీ అన్నారు. ఉర్దూ వినపడితే చాలు, ఏ ఊరిదైనా పాకిస్తానే.

అప్పట్నుంచి అబ్బా బి.బి.సి. ఇంట్లో విన్నాడు, చిన్న గొంతుతో. మా ఇంటి రేడియో గొంతు తగ్గడం అదే మొదలు.

తర్వాత 2007. మే 18న, శుక్రవారం నమాజు వేళ, మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలాయి. పోయినవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. పాతబస్తీ నుంచి ముస్లిం కుర్రాళ్ళను పట్టుకుపోయారు. వాళ్ళలో చాలామందిని కోర్టులు తర్వాత నిర్దోషులని వదిలేశాయి. పోయిన నెలలు, సంవత్సరాలు మాత్రం తిరిగి రాలేదు.

మేమప్పటికి హైదరాబాదులో ఉన్నాం. అబ్బా మాతోనే ఉన్నాడు. కళ్ళకు శుక్లాలు. కొట్టు మూసేసి చాలా కాలమయింది. కొట్లో మిగిలిన సామానంతా ఒక పెద్ద రేకు డబ్బాలో మంచం కింద పెట్టుకున్నాడు. తీగలు, సెల్లులు, టైంపీసులు, సర్క్యూటు బోర్డులు, సోల్డరింగ్ ఐరన్. రాత్రి టీవీలో చూపిస్తున్నారు: తీగలు, సెల్లులు, టైమరు, సర్క్యూటు బోర్డు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒక్క మాట కూడా అనుకోలేదు.

తెల్లవారి అబ్బా నిద్రలేవకముందే డబ్బా బయటికి లాగాం. టైంపీసుల ముళ్ళు పీకేశాం. తీగలు ముక్కలు చేశాం. కొంత నాలాలో పారేశాం, కొంత నాలుగు వీధుల అవతల పాత సామానువాడికి తూకానికి వేశాం. మీటరు కూడా.

చెప్పాల్సిందేమిటంటే, మా ఇంటికి ఎవరూ రాలేదు. ఏ పోలీసూ తలుపు కొట్టలేదు. ఎవరూ ఒక్క మాట అడగలేదు. అబ్బా జీవితాన్ని తూకానికి వేసింది మేమే, మా చేతులతో. భయానికి వారెంటు అక్కర్లేదు.

వారం తర్వాత అబ్బా మంచం కింద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. పాత సామానోడికి వేశామని చెప్పాం, ఇల్లు ఇరుకైందని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టీవీ ఆయనా వింటూనే ఉన్నాడు కదా. అర్థమైంది. అడిగింది ఒక్కటే.

"మీటర్ భీ?"

మీటరు కూడానా అని. మేం తల దించుకున్నాం. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రెండేళ్ళకు పోయాడు.

2015 సెప్టెంబరులో అమెరికా టెక్సాసులో అహ్మద్ మొహమ్మద్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడు సొంతంగా కూర్చిన గడియారాన్ని సార్లకు చూపించుకుందామని బడికి తీసుకుపోతే, బాంబులాగుందని పోలీసులు చేతులకు బేడీలు వేశారు. తర్వాత కేసేమీ పెట్టలేదు. ఆ ఫొటో చూసి మేం ఏడ్చాం. ఆ పిల్లాడి కోసం కొంత, మా కోసం ఎక్కువ. ఆ పిల్లాడు గడియారం పట్టుకుని బడికి పోయాడు. మేం గడియారాన్ని నాలాలో వేశాం.

1206లో అల్ జజరీ అనే యంత్రకారుడు యంత్రాల గురించి పుస్తకం రాశాడు. అందులో ఏనుగు గడియారం ఉంది. ఏనుగు ఇండియాది, నీళ్ళ పనితనం గ్రీకులది, పాముల్లాంటి డ్రాగన్లు చైనావి, పైన పక్షి ఈజిప్టుది, మనుషుల బట్టలు అరబ్బులవి. లోపలేముందో తెరిచి చూసే మనిషి ఎవరి దగ్గరైనా నేర్చుకుంటాడు. దానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత అదే పేర్లవాళ్ళ చేతిలో గడియారం కనపడితే లోకం దడుచుకుంటోంది. అంతకంటే దారుణం, మేమే దడుచుకుంటున్నాం.

*

ఇదంతా చెప్పుకుంటే మిత్రులు ఓదార్పుగా ఒక పేరు చెపుతారు. అబ్దుల్ కలాం లేడా అని. ఉన్నాడు. 1982 నుంచి మా హైదరాబాదులోనే క్షిపణుల పనిచేశాడు. పోలియో పిల్లల కోసం తేలికైన కాలిపర్స్ చేయించాడు. ఆయనంటే మాకూ ప్రాణమే. కానీ ఆ పేరు చెప్పే తీరులో మాకు తెలుగు సారు గొంతు వినపడుతుంది: నువ్వు వేరు. ముస్లిం పిల్లాడు తీగ పట్టుకుంటే వాడు దేశానికి రాకెట్టు చేసి చూపించాలి, లేదా అనుమానానికి సిద్ధపడాలి. మధ్యలో చోటు లేదు. మా అబ్బా ఆ మధ్యలో మనిషి. దేనికీ పనికిరాకపోయినా సరే తెలుసుకుందామనుకున్న మనిషి. దేశానికి ఏమీ రుజువు చేయకుండా ఒక టైంపీసు విప్పి చూసుకునే హక్కు, మాకు కావాల్సింది అదే. అది రిజర్వేషను కాదు, రాయితీ కాదు. అందరికీ ఉన్నదే.

మొన్న ఆపా ఇంటికి పోయాం. ఆపా మనవరాలికి పన్నెండేళ్ళు. ఆడని గోడగడియారాన్ని నేలమీద బోర్లేసి విప్పుతోంది. మా ఇద్దరి నోట్లోంచి ఒకేసారి వచ్చింది, "వద్దు, మూసెయ్యి" అని. ఆపా మమ్మల్ని ఒక్క చూపు చూసింది. "తెరవనీ" అంది. తర్వాత మెల్లగా అంది, "దానికొక మీటరు తెచ్చిపెట్టండి."

కోఠీ గుజరాతీ గల్లీకి పోయాం. అబ్బా సామాను కొనుక్కునే గల్లీ. కొట్లో కుర్రాడిని మీటరు అడిగాం. "దేనికి సార్?" అన్నాడు. మేం గబగబా చెప్పడం మొదలుపెట్టాం. చిన్నపిల్లకండీ, ఏడో తరగతి, చదువుకోడానికి, బడిలో ప్రాజెక్టు... అబద్ధం కూడా కలిపాం. కుర్రాడు విసుక్కున్నాడు. "అది కాద్సార్, ఇంటి కరెంటుకా, చిన్న సెల్లులకా? ముల్లుదా, డిజిటలా?"

సిగ్గేసింది. ముల్లున్నదే తీసుకున్నాం.

ఆ సాయంత్రం ఆపా చాటలో రెసిస్టర్లు పోసింది, తన గాజులు తీసి పక్కన పేర్చింది. పిల్ల ఒకటి అరచేతిలో పెట్టుకుని, "నానీ, ఈ పచ్చదెంత?" అంది.

"అయిదు" అంది ఆపా. "ఉత్త అయిదే."